సీజరు ఆగే చోటు

నాకు కుళ్లు ఎక్కువ. నా వెనక ఊరంతా అనే మాటే కాబట్టి ముందుగా నేనే చెప్పేస్తే సరిపోతుంది. పక్క అంగడికి రెండు బండ్ల పత్తి ఎక్కువ వచ్చిందంటే ఆ పూట నాకు అన్నం సయించదు. మనిషి మనిషిని చూసి ఏడవడం లోకంలో ఉన్నదే. నేను 1957లో ఒక కుక్కను చూసి ఏడ్చాను. తర్వాత దాని యజమానిని చూసి ఏడ్చాను. అక్కడితో ఆగినా బాగుండేది.

నా పేరు లక్ష్మీనరసయ్య. ఆదోనిలో పత్తి వ్యాపారం. ఆదోని శునకాభిమానుల సంఘానికి కార్యదర్శిని కూడా. నవ్వకండి. ఆ రోజుల్లో మా సంఘంలో పదకొండు మంది సభ్యులు, తొమ్మిది కుక్కలు ఉండేవి. కుక్కలు లేని ఆ ఇద్దరూ కాఫీ కోసం వచ్చేవాళ్లు. నెలకొకసారి మా అంగడి మిద్దె మీద సమావేశం. గజ్జికి ఏ మందు మంచిది, పిడుదులు ఎలా వదిలించాలి, ఎవరి కుక్క ఎవరిని కరిచింది, ఇవీ మా చర్చలు. పత్తి వర్తకులు వారం వారం అచ్చు వేయించే ధరల కాగితానికి వెనక వైపు ఖాళీగా ఉండేది. దాని మీద 'సంఘ వార్తలు' నేనే రాసేవాడిని. ముందు వైపు ధర చూసి ఏడ్చినవాళ్లు వెనక్కి తిప్పి మా వార్తలు చూసి నవ్వుకుంటారని విన్నాను. నవ్వనీ అనుకున్నాను.

సంఘానికి ఒక వెండి కప్పు ఉండేది. గుంతకల్లులో పనిచేసి ఇంగ్లండు వెళ్లిపోయిన ఒక రైల్వే దొర ఇచ్చిపోయాడు. ఏటా పత్తి సీజను అయిపోయి జిన్నింగు మిల్లులు మూసేశాక ఒక ఆదివారం కుక్కల పోటీ పెట్టి, గెలిచిన కుక్క యజమానికి ఆ కప్పును ఏడాదిపాటు ఇచ్చేవాళ్లం. వరసగా మూడేళ్లు గెలిస్తే కప్పు వాళ్లకే సొంతం. అప్పటికి నా సీజరు రెండేళ్లు గెలిచింది. మూడోసారి కూడా గెలవాలి. ఆ కప్పు ఎప్పటికీ మా వీధిగది అల్మారాలోనే ఉండాలి. పక్క అంగడి నాగేశ్వరయ్య మా ఇంటికి వచ్చినప్పుడల్లా దానికి ఎదురుగా కూర్చోవాలి. నాకున్న కోరిక అంతే.

సీజరు అల్సేషియన్ జాతి. నల్లటి వీపు, నిక్కిన చెవులు, పోలీసు ఇనస్పెక్టరంత ఠీవి. దాని ఠీవి వెనక ఒక సంగతి ఉంది. మా అమ్మ శాంతమ్మకు మడి ఎక్కువ. కుక్కను ముట్టుకున్నవాడు నెత్తిన నీళ్లు పోసుకోనిదే గడప లోపలికి రాకూడదు. ఆదోనిలో వేసవి వచ్చిందంటే బిందెడు నీళ్లకు ఎంత తిప్పలో ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. నేను పూటపూటా తలస్నానం చేస్తూ కూర్చుంటే ఇంట్లోవాళ్లకు తాగడానికి కూడా మిగలవు. అందుకని సీజరు పిల్లగా ఉన్నప్పుడే ఒక గజం పొడుగు బెత్తం కొన్నాను. అది ఎగురుకుంటూ నా మీదికి వస్తే ముక్కు మీద ఒకటి వేసేవాడిని. గట్టిగా కాదు. నెల తిరిగేసరికి దానికి లెక్క తెలిసిపోయింది. పిలిస్తే పరుగున వచ్చి, నాకు సరిగ్గా గజం దూరంలో ఆగి, బొమ్మలా కూర్చునేది. దానికి తిండి పెట్టడం, ఒళ్లు కడగడం, పిడుదులు తీయడం అన్నీ మా పెరటి పని చూసే భీమమ్మవి.

ఈ గజం దూరమే నాకు రెండుసార్లు కప్పు తెచ్చిపెట్టింది. "ఎంత క్రమశిక్షణండీ! యజమాని మీద పడదు, నాకదు, మర్యాదగా ఆగింది!" అని ఆ రెండేళ్లూ న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. నేను మీసం దువ్వుకున్నాను. మడి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు పోటీకి నెల ముందు ఎమ్మిగనూరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఈరన్న అనే నేతగాడు రాశాడు. అక్కడి చేనేత సొసైటీకి మా ధరల కాగితం వెళుతుంది. నూలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దాని వెనక వైపు చదివాడట. తన దగ్గర ఒక వేటకుక్క ఉందని, పోటీకి తీసుకురావచ్చా అని అడిగాడు. కొత్త కుక్క ఏదైనా సరే, కార్యదర్శి దాన్ని ఇంటి దగ్గర చూసి పేరు రాసుకోవాలని మా నియమం. మా పత్తి లారీ ఒకటి ఎమ్మిగనూరు వెళుతుంటే ముందు సీట్లో ఎక్కాను. సీజరును వెనక బేళ్ల మీద కట్టించాను. సంఘం కుక్క అంటే ఎలా ఉంటుందో ఆ నేతగాడికి చూపించాలి కదా.

ఈరన్న ఇంట్లో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు తప్ప కుక్క జాడ కనపడలేదు. నేలలో గుంత తవ్వి, ఆ గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం అది.

"కుక్క యాడ?" అన్నాను.

"ఈడనే ఉండాది సెట్టిగారూ," అని ఈరన్న తన కాళ్ల కిందికి చూపించాడు.

వంగి చూశాను. గుంతలో, అతని రెండు పాదాల మధ్య, సన్నగా పొడుగ్గా బూడిదరంగు కుక్క పడుకుని ఉంది. మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు కండెలా ఉందని దానికి కండె అని పేరు పెట్టారట. అతను కుడికాలితో మగ్గం తొక్కితే అది ఎడమకు జరిగేది. ఎడమకాలితో తొక్కితే కుడికి జరిగేది. కళ్లు తెరిచేదే కాదు. నేత ఆపగానే మాత్రం తల ఎత్తి అతని ముఖం చూసింది.

"మూడేండ్ల నుంచి ఇంతే సామీ," అంది ఈరన్న పెళ్లాం తిప్పమ్మ. "ఈయప్ప నూలు తేనీకి పోతే వచ్చేదాంక అన్నం ముట్టదు. వాకిట్లో కూసోని ఏడుస్తాది. నేను ఎంత బతిమాలినా నా పక్క సూడదు."

ఈరన్న సిగ్గుపడుతూ నవ్వి గుంతలోంచి లేచాడు. కండె కూడా లేచి ఒళ్లు విరుచుకుంది. ఏం కాళ్లు! ఏం నడుము! మెడ తిప్పిన తీరు చూసేసరికి నా గుండెలో కలుక్కుమంది. నా కప్పు నా కళ్ల ముందే నడిచిపోతున్నట్టు అనిపించింది. పైకి మాత్రం, "ఊఁ, పరవాలేదు. కొంచెం బక్కగా ఉంది," అన్నాను. అంత అబద్ధం నేను పత్తి బేరంలో కూడా ఆడలేదు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. నా చేతిలోని తాడు వదులైంది. సీజరు నెమ్మదిగా ఈరన్న దగ్గరికి నడిచింది. గజం దూరంలో ఆగలేదు. అరగజం దగ్గర ఆగలేదు. నేరుగా వెళ్లి అతని మోకాళ్లకు తల ఆనించింది. ఈరన్న మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా, దాని చెవుల మధ్య గీరాడు. సీజరు కళ్లు మూసుకుంది.

నా ఒళ్లు భగ్గుమంది. ఐదేళ్లు పోషించింది నేను. మాంసం కొనేది నేను. మెడకు ఇత్తడి పట్టీ చేయించింది నేను. వీడెవడు? తాడు ఒక్క గుంజు గుంజాను. సీజరు ఉలిక్కిపడి, వెంటనే తన చోటికి వచ్చి నిలబడింది. అదే గజం దూరం.

"పాపం, కొట్టొద్దు సెట్టిగారూ, ఏమి సేసింది?" అన్నాడు ఈరన్న.

"పరాయి చేతికి లొంగే అలవాటు మంచిది కాదు," అన్నాను. అన్నాక తిప్పమ్మ మాట గుర్తొచ్చింది. ఈరన్న పోతే కండె ఏడుస్తుంది. నాకు దారి దొరికింది.

తిరిగి వచ్చిన వారంలోనే సమావేశం పిలిచి కొత్త నియమం ఒకటి చదివాను. పోటీలో చివరిగా నిగ్రహ పరీక్ష ఉంటుంది. యజమాని తన కుక్క తాడును ముక్కూముఖం తెలియని మనిషికి ఇచ్చి, కనపడకుండా పావుగంట గోడ చాటుకు వెళ్లాలి. ఏడవకుండా, లాగకుండా, నెమ్మదిగా ఉన్న కుక్కకు ఇరవై మార్కులు. ఏడ్చిన కుక్కకు సున్న. పావుగంట లోపల యజమాని బయటికి వస్తే కూడా సున్న. ఇది ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉందని చెప్పాను. ఏ పుస్తకమని ఎవరూ అడగలేదు, కాఫీ అప్పటికే వచ్చేసింది. ఆ వారం సంఘ వార్తల్లో ఇలా రాశాను: "ఈ సంవత్సరపు పోటీలో ఒక శాస్త్రీయమైన పరీక్ష చేర్చబడినది. ఎమ్మిగనూరు నుండి కూడా ఒక కుక్క వచ్చుచున్నది." అంతే. దాని పేరు రాయడానికి నా చెయ్యి రాలేదు.

పోటీ రోజు జిన్నింగు మిల్లు ఆవరణ జనంతో నిండిపోయింది. ఆ ఏడు న్యాయనిర్ణేత బళ్లారి నుంచి వచ్చిన పశువుల డాక్టరు జయరాజు గారు. పొట్టి మనిషి, మాటలు తక్కువ. ఈరన్న కాళ్ల నిండా దుమ్ముతో వచ్చాడు. బస్సులో కుక్కను ఎక్కనివ్వలేదట. ముందురోజు తెల్లారి బయలుదేరి, దారిలో చుట్టాల ఊళ్లో ఆగి, కండెను వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు.

"అంత దూరం నడిచినావా?" అన్నాను.

"నాతో వస్తాదంటే అది యాడికైనా నడుస్తాది సెట్టిగారూ," అన్నాడు. నేను అడిగింది అతని సంగతి. అతను చెప్పింది కుక్క సంగతి.

రూపం చూశారు. నడక చూశారు. పళ్లు, కళ్లు, కాళ్లు చూశారు. కండె నడుస్తుంటే జనం మాటలు ఆపి చూశారు. నాగేశ్వరయ్య నా పక్కకు వచ్చి, "అన్నా, నీ కప్పు ఎమ్మిగనూరు బస్సు ఎక్కేటట్టుండాది," అన్నాడు. నేను పళ్లు బిగపట్టి నవ్వాను. ఎనభైకి కండెకు డెబ్బై ఒకటి, సీజరుకు అరవై ఏడు. మిగతా కుక్కలు ఎక్కడో వెనక ఉన్నాయి. ఇక మిగిలింది నా పరీక్షే.

తాళ్లు పట్టుకునే మనుషులను డాక్టరు గారే జనంలోంచి ఎంచారు. కండె తాడు మిల్లు వాచ్‌మన్ యేసేపుకు దొరికింది. సీజరు తాడు, గేటు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మే ముసలామె హుసేనమ్మకు దొరికింది. ఆమె గంప పక్కన పెట్టుకుని నేల మీదే కూర్చుని తాడు పట్టుకుంది. నేనూ ఈరన్నా గోడ వెనక మిల్లు అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాం. నా చేతి గడియారం మా మధ్య పెట్టాను.

నిమిషం కూడా కాలేదు, కండె ఏడుపు మొదలైంది. ముందు సన్నగా కూసింది. తర్వాత గొంతు సాగదీసి ఏడ్చింది. నా లోపల బూరెలు పొంగాయి. ఇరవై మార్కులూ పోయాయి, కప్పు అల్మారాలోకి వచ్చేసింది అనుకున్నాను. ఈరన్న తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఏం పరీచ్చ సామీ ఇది? నోరు లేని దాన్ని ఏడిపించి ఏమి సూస్తారు?"

"నియమం," అన్నాను.

ఏడుపు పెరిగింది. తాడు గుంజుకోవడం, యేసేపు కేకలు వేయడం, జనం నవ్వడం అన్నీ వినపడుతున్నాయి. ఈరన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అతని పెదవుల మీద ఏదో కదిలింది. అది బాధ ఒక్కటే కాదు. అంత జనంలో, అంత సందడిలో, ఒక ప్రాణి తన కోసమే ఏడుస్తోందని తెలిసినవాడి ముఖం అది. ఆ ముఖం చూడగానే నా సంతోషం చప్పున చల్లారింది. నేను చెవులు రిక్కించాను. సీజరు గొంతు వినపడుతుందేమోనని. ఒక్క మూలుగు. ఒక్కటి చాలు. మార్కులు పోతే పోనీ అని కూడా ఒక క్షణం అనిపించింది.

ఏమీ వినపడలేదు.

"మీది నోరే ఎత్తలేదే సెట్టిగారూ," అన్నాడు ఈరన్న. ఎత్తిపొడుపు కాదు, మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నాడు. "నిద్రపోయిందేమో."

అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది. గడియారం చూశాను. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది. ఈరన్న లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు పోతే నీకు సున్న," అన్నాను. "అది ఏడుపు ఆపితే కొన్ని మార్కులైనా ఇస్తాడేమో డాక్టరు. ఉండు."

ఉండమని నేనెందుకు అన్నానో నాకే తెలియదు. బహుశా అతను కూడా నాలాగే అక్కడ కూర్చోవాలని కావచ్చు.

"నాకెందుకు సామీ ఆ కప్పు? అందులో నీళ్లు తాగల్లనా?" అని తలగుడ్డ భుజాన వేసుకుని గోడ దాటి వెళ్లిపోయాడు. మరుక్షణం కండె అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. జనం చప్పట్లు కొట్టారు. ఓడినవాడికి కొట్టారు. నేను మిగిలిన ఎనిమిది నిమిషాలూ ఒక్కడినే, గడియారం ముందు పెట్టుకుని, ఆ కప్పు కోసం కూర్చున్నాను.

పావుగంట అయ్యాక బయటికి వెళ్లాను. ఈరన్న నేల మీద చతికిలబడి ఉన్నాడు. కండె అతని ఒళ్లో సగం, భుజం మీద సగం ఉండి ముఖమంతా నాకుతోంది. అతని ధోవతి నిండా మట్టి. అటు పక్క హుసేనమ్మ ఒళ్లో సీజరు తల పెట్టుకుని నిద్రపోతోంది. ఈరన్న మాట నిజమే. ఆమె దాని చెవిలోంచి పిడుదు తీస్తోంది.

నన్ను చూసి, "ఎవురిదప్పా ఈ కుక్క?" అంది. "ఎంత మెత్తందో. ఎవురూ లేనిది అనుకుంటి."

"నాదే," అన్నాను. సీజరును పిలిచాను. కళ్లు తెరిచింది. బద్ధకంగా లేచింది. నేను వెళ్లినట్టు గానీ, తిరిగి వచ్చినట్టు గానీ దాని ముఖంలో ఏమీ లేదు. వచ్చి గజం దూరంలో ఆగి కూర్చుంది.

డాక్టరు జయరాజు గారు మార్కులు కూడారు. సీజరుకు ఎనభై ఏడు, కండెకు డెబ్బై ఒకటి. కప్పు నా చేతిలో పెడుతూ ఆయన గొంతు తగ్గించి, "ఈ పరీక్ష ఎవరు పెట్టినారండీ?" అని అడిగాడు. "మా సంఘం," అన్నాను. ఆయన సీజరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఈరన్న మాత్రం నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి, "మంచి కుక్క సెట్టిగారూ, బాగ సూసుకోండి," అని చెప్పి, కండెతో కలిసి నడక మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ ఆవరణ గేటు దాటేదాకా నేను కళ్లు తిప్పుకోలేకపోయాను. అన్నీ గెలిచినవాడిని నేను. కడుపు మండిపోతున్నదీ నాకే.

ఇంటికి వచ్చి కప్పును అల్మారాలో పెట్టాను. సంఘ వార్తలు రాయడానికి కాగితం తీశాను. "సీజరు వరసగా మూడవసారి" అని రాసి ఆగిపోయాను. లేచి పెరట్లోకి వెళ్లాను. ఎండ తగ్గింది. భీమమ్మ సీజరుకు అన్నం కలిపి పెట్టి, అది తింటుంటే వీపు నిమురుతోంది. రోజూ చూసే దృశ్యమే. ఆ రోజు భీమమ్మను చూసి కూడా ఏడుపొచ్చింది.

"నువ్వు పక్కకు పో," అన్నాను. వంటింటి వైపు తిరిగి, "అమ్మా, స్నానానికి నీళ్లు తోడి పెట్టించు, కుక్కను ముట్టుకుంటాను," అని కేకేశాను.

"ఈ పొద్దున్నే పోసుకుంటివి కదరా," అని గొణుక్కుంటూనే అమ్మ రెండు బిందెల వేణ్ణీళ్లు స్నానాల జాలాట్లో పెట్టించింది.

"సీజర్, రా," అన్నాను.

తినేది వదిలేసి వచ్చింది. గజం దూరంలో ఆగి కూర్చుంది. చెయ్యి చాపాను. సీజరు నా చేతి వంక చూసింది. చేతిలో ఏముందో వెతికింది. ఖాళీ చెయ్యే. అయినా చెవులు వెనక్కి వాల్చి, ముక్కును కొద్దిగా పక్కకు తిప్పుకుంది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. అది లేచి ఒక అడుగు వెనక్కి వేసి కూర్చుంది. ఇంకో అడుగు వేశాను. అది ఇంకో అడుగు తగ్గింది. తప్పు చేయడం లేదు పాపం. నేను నేర్పిన పాఠం ఒక్క అంగుళం తేడా రాకుండా అప్పజెబుతోంది. అలా పెరటి గోడ దాకా వెళ్లాం. గోడ తగిలాక ఇక వెనక్కి జాగా లేక వణకడం మొదలుపెట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వదిలేయ్ సామీ," అంది భీమమ్మ మెల్లగా. "నీ సేతిలో బెత్తం లేకున్నా దానికి కనపడతాంటాది."

నేను వెనక్కి నడిచాను. గజం దూరం తిరిగి వచ్చేసరికి సీజరు వణుకు ఆగింది. తోక కూడా కొంచెం ఆడించింది.

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది.

"ముట్టుకున్నావా? నీళ్లు చల్లారిపోతాండాయి, పోసుకో పో."

"ముట్టుకోలేదమ్మా," అన్నాను. "నాకు స్నానం అక్కర్లేదు."